స్విస్ వాచీ కథలో రాస్కోఫ్ ఏడీ?

స్విస్ వాచీల చరిత్ర ఎవరు మొదలుపెట్టినా ఒకటే వరస. మత సంస్కర్త కాల్విన్ నగలు వద్దన్నాడు, జెనీవా కంసాలులు వాచీల పనిలోకి దిగారు, 1601లో సంఘం కట్టుకున్నారు. అక్కడి నుంచి ఒక్క గెంతులో లక్షల రూపాయల బంగారు వాచీ షోరూముకి! మధ్యలో రాస్కోఫ్ పేరు మాటవరసకైనా రాదు. ఒళ్లు మండేది అక్కడే.

జార్జ్ ఫ్రెడరిక్ రాస్కోఫ్ జర్మనీలో పుట్టి స్విట్జర్లాండ్‌లోని లా షో ద ఫో ఊళ్లో స్థిరపడ్డాడు. కార్మికుడి వారం కూలితో, అంటే 20 ఫ్రాంకులకు, నమ్మకంగా నడిచే వాచీ రావాలన్నది ఆయన పట్టు. 1867లో తెచ్చాడు. మొత్తం 57 భాగాలే.

ఎలా కుదిరిందంటే, నడిమధ్యన ఉండే చక్రాన్ని (సెంటర్ వీల్) పీకేశాడు. ఆ చోటులోకి స్ప్రింగు ఉండే బారెల్‌ని పెద్దది చేసి జరిపాడు. స్ప్రింగు బలంగా ఉంటే చక్రాల పళ్లు కాస్త మోటుగా ఉన్నా వాచీ ఆగదు. చక్రాలను టిక్కు టిక్కుకీ ఆపి వదిలే లివర్‌కి కెంపుల బదులు రెండు ఉక్కు పిన్నులు పెట్టాడు (పిన్ లివర్ అనే ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు, ఉన్నదాన్ని సరైన చోట వాడాడు). కేసు జర్మన్ సిల్వర్, అంటే వెండి లేని రాగి, నికెల్ మిశ్రమం. మొదటి వాచీల్లో టైం సరిచేయాలంటే అద్దం తెరిచి ముల్లుని వేలితో నెట్టడమే.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. నూనె ఎండితే లివర్ ఆపి వదిలే చక్రం (ఎస్కేప్ వీల్) పళ్లకు రాసుకుని పిన్నులు అరుగుతాయి, అటూ ఇటూ ఊగే చక్రం (బ్యాలెన్స్) ఊపు తగ్గుతుంది, టైం తప్పుతుంది. ఇంకోటి తమాషాగా ఉంటుంది. ముళ్లు బారెల్ దగ్గర నుంచే రాపిడి పట్టు మీద తిరుగుతాయి. ఆ పట్టు వదులైందంటే లోపల టిక్‌టిక్ దివ్యంగా వినిపిస్తుంది, పెద్ద ముల్లు మాత్రం వెనకబడుతుంది. స్ప్రింగు పోయిందనుకుని స్ప్రింగు మార్పిస్తే డబ్బు దండగ.

అన్నట్టు, మన హెచ్ఎంటీ జనతా మీద '17 జ్యుయెల్స్' చూసి మురిసిపోతాం కదా, అవి కొలిమిలో తయారైన కెంపులు. అరుగుదల తగ్గించడానికే తప్ప అమ్ముకుంటే ఏమీ రాదు.

ఇక 'జపాన్ క్వార్ట్జ్ (బ్యాటరీ వాచీ) వచ్చి స్విస్‌ని ముంచేసింది' అనే పాట. స్విట్జర్లాండ్‌లోనే న్యూషాటెల్ పరిశోధన కేంద్రంలో క్వార్ట్జ్ చేతి వాచీ నమూనా 1967లోనే నడిచింది. 1969 డిసెంబర్ 25న సీకో అమ్మకానికి పెట్టిన ఆస్ట్రాన్ ధర 4,50,000 యెన్‌లు. అది చౌక వాచీకి పోటీ ఎలా అవుతుంది? అసలు దెబ్బలో సగం డబ్బుది. 1970లో డాలరుకు 4 ఫ్రాంకుల పైన వచ్చేవి, 1978కల్లా 2 కూడా రాలేదు, అంటే బయటి దేశాల్లో స్విస్ వాచీ ప్రియమైపోయింది. పైగా 1934 నుంచి 1960ల దాకా కొత్త ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్నది పెంచాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలనే చట్టం. చౌక క్వార్ట్జ్ తర్వాత వచ్చి మిగతా పని పూర్తిచేసింది. 1970లో 90 వేల దాకా ఉన్న ఉద్యోగాలు 80ల మధ్యకు 30 వేల దగ్గరికి పడిపోయాయి. గట్టిగా దెబ్బ తిన్నది పిన్ లివర్ వాచీల వాళ్లే.

మరి 1983లో స్విస్ పరువు నిలబెట్టిందేమిటి? స్వాచ్ అనే ప్లాస్టిక్ క్వార్ట్జ్ వాచీ. 51 భాగాలు, కేసు అడుగే లోపలి యంత్రానికి పీట. భాగాలు తగ్గించి ధర దించడం రాస్కోఫ్ ఎత్తే, కానీ ఒక తేడా ఉంది. స్వాచ్‌కి అద్దాన్ని అల్ట్రాసోనిక్‌తో అతికించేశారు, బ్యాటరీ తప్ప ఏదీ మార్చలేం. రాస్కోఫ్ వాచీని విప్పి, పెట్రోల్‌తో కడిగి, నూనె వేస్తే మళ్లీ నడుస్తుంది. విప్పేముందు స్ప్రింగు బిగువు పూర్తిగా వదిలించండి. మరిచిపోయి లివర్ తీస్తే చక్రాలు ఒక్కసారిగా గిర్రున తిరిగి పళ్లు ఊడతాయి.