‘ఇద్దరికీ ఇష్టమైతే కేసే నిలవదు’ అన్నదెవరు?

డబ్బిచ్చి సెక్స్‌కి బేరమాడటం నేరమనే రాష్ట్ర చట్టాలు అమెరికాలో 2003 నుంచే చెల్లవట, కోర్టుకెళ్తే కేసు ఎగిరిపోతుందట. ఈ మాట ఇంటర్నెట్‌లో ఏళ్లుగా తిరుగుతోంది.

దీనికి ఆధారంగా చూపించేది 2003లో వచ్చిన లారెన్స్ వర్సెస్ టెక్సస్ తీర్పు. చూపించేవాళ్లు చివరిదాకా చదివినట్టు లేరు. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన టెక్సస్ చట్టాన్ని సుప్రీంకోర్టు అందులో 6–3 తేడాతో కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ కెనడీ, ఈ కేసులో మైనర్లు లేరు, బలవంతం లేదు, వ్యభిచారం కూడా లేదని వరసగా చెప్పి మరీ గీత గీశారు. అదే టెక్సస్ 2021లో సెక్స్ కొనబోవడాన్ని మొదటిసారికే ఫెలొనీ (పెద్ద నేరం) చేసింది. చెల్లని చట్టాన్ని ఎవరైనా ఇంకా కఠినం చేసుకుంటారా?

‘ఎవరూ గట్టిగా సవాలు చేయలేదు, అందుకే నడుస్తోంది’ అనేది ఇంకో మాట. చేశారు. సెక్స్ అమ్మడాన్నీ కొనడాన్నీ నేరం చేసే కాలిఫోర్నియా శిక్షాస్మృతి 647(బి) సెక్షన్ మీద 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కేసు వేశారు. వేసినవాళ్లలో ఆ వృత్తి చేసిన ముగ్గురితో పాటు, కస్టమర్‌గా వెళ్లాలనుకున్న ఒకాయన కూడా ఉన్నాడు. కింది కోర్టు కొట్టేస్తే అప్పీలుకి వెళ్లారు. 2017 అక్టోబర్ విచారణలో జడ్జి కార్లోస్ బీయా, ఉచితంగా ఇస్తే తప్పు కానిది అమ్మితే తప్పెలా అవుతుందని ప్రభుత్వ లాయర్‌నే అడిగారు. ఆ ప్రశ్నని చాలామంది తీర్పే అనుకున్నారు. మూడు నెలలకి, 2018 జనవరి 17న, ఆయన కూడా ఉన్న బెంచీ ఏకగ్రీవంగా చట్టం వైపే నిలబడింది. మనుషుల అక్రమ రవాణా, ఆడవాళ్లపై హింస, డ్రగ్స్, రోగాలు: ప్రభుత్వం చెప్పిన కారణాలివి. నేరంగా ఉంచడం వల్లే హింస పెరుగుతుందన్న పిటిషనర్ల వాదన నాకైతే బలంగానే అనిపిస్తుంది. కానీ డబ్బుకి సెక్స్ ప్రాథమిక హక్కు కాదని తేలాక కోర్టు చూసేది కారణం ఉందా లేదా అనే. గొప్ప కారణమా అని కాదు.

‘అడగడం ఉత్త మాటే కదా, వాక్ స్వాతంత్య్రం లేదా?’ అంటారు. వ్యాపార మాటకి రక్షణ కావాలంటే ఆ వ్యాపారం ముందు చట్టబద్ధమై ఉండాలి. కథ అక్కడే ఆగిపోతుంది.

‘మరి నెవాడా రాష్ట్రంలో ఇది చట్టబద్ధమే కదా?’ అక్కడ అనుమతిచ్చింది కోర్టు కాదు, శాసనసభ. అదీ చిన్న కౌంటీల్లో, లైసెన్సున్న చోట్లే. మనవాళ్లు టూర్లకెళ్లే లాస్ వేగాస్‌లో నేరమే.

అలాగని సవాళ్లన్నీ దండగ అనట్లేదు. లూసియానా చూడండి. అక్కడ డబ్బుకి మామూలు సెక్స్ బేరమాడితే చిన్న నేరం. అదే ఓరల్ సెక్స్ అయితే, 2011 దాకా, ‘ప్రకృతి విరుద్ధం’ అంటూ 1805 నాటి చట్టానికి 1982లో చేర్చిన సెక్షన్ కింద పెద్ద కేసు అయ్యేది. దోషిగా తేలితే లైంగిక నేరస్థుల రిజిస్టర్లో పేరు ఎక్కేది. డ్రైవింగ్ లైసెన్స్ మీద నారింజ రంగు పెద్దక్షరాల్లో ‘సెక్స్ అఫెండర్’ (లైంగిక నేరస్థుడు) అని ముద్ర పడేది. ఉద్యోగానికెళ్లినా, ఇల్లు అద్దెకి అడిగినా ముందు ఆ కార్డే తీసి చూపించాల్సి వచ్చేది. తొమ్మిది మంది పేర్లు బయటపెట్టకుండా కోర్టుకెళ్లారు. 2012లో ఫెడరల్ జడ్జి మార్టిన్ ఫెల్డ్‌మన్, ఒకే తరహా పనికి రెండు రకాల శిక్షలేమిటని, చట్టం అందరికీ సమానమనే సమాన రక్షణ సూత్రం మీద వాళ్లని గెలిపించారు. రిజిస్టర్లోంచి పేర్లు తీసేయమన్నారు.

బేరమాడటం నేరమనే చట్టం మాత్రం అలాగే ఉంది. దాన్ని కొట్టేయమని వాళ్లూ అడగలేదు.