126–0 దగ్గర కూడా ఆగని పెద్దమనిషి

అట్లాంటాలో ఉండే మా బావమరిది ఏటా డిసెంబరులో ఫోన్ చేసి, అమెరికన్ ఫుట్‌బాల్‌లో మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ కబుర్లు చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు. ఈసారి, "అది ఉత్త ఆటకిచ్చేది కాదు బావా, నిజాయితీ కూడా చూస్తారు" అన్నాడు.

నిజాయితీ! సరే, ఆ ట్రోఫీకి పేరిచ్చిన హైస్మన్ గారి సంగతే చూద్దాం.

1916 అక్టోబరు 7, అట్లాంటా. అక్కడి జార్జియా టెక్ కాలేజీ కోచ్ జాన్ హైస్మన్. ఎదురుగా టెనెస్సీ నుంచి వచ్చిన కంబర్లాండ్ కాలేజీ. పాపం, వాళ్ళు అప్పటికే ఫుట్‌బాల్ జట్టును ఎత్తేశారు. రాము మొర్రో అంటే మూడు వేల డాలర్లు కట్టమన్నారు. దాంతో చేతికందిన కుర్రాళ్ళను పోగేసుకుని రైలెక్కారు. అంతకుముందు బేస్‌బాల్‌లో కంబర్లాండ్ 22–0తో టెక్‌ను చితక్కొట్టింది. కిరాయి ఆటగాళ్ళను దింపారని హైస్మన్ గారి అనుమానం. టెక్ బేస్‌బాల్ జట్టుకూ కోచ్ ఆయనే మరి.

సగం ఆటకు టెక్ 126–0. విరామంలో ఆయన తన జట్టు కుర్రాళ్ళను కూర్చోబెట్టి, ఏమరుపాటు వద్దు, వాళ్ళ దగ్గర ఇంకా ఏ ఎత్తులున్నాయో అన్నారట. ఎత్తులా! కంబర్లాండ్ కుర్రాడొకడు బంతి జారవిడిచి పక్కవాణ్ణి తియ్యమంటే, "పారేసింది నువ్వేగా, నువ్వే తీసుకో" అన్నాడట. ఇంకొకడు టెక్ బెంచీ మీద దుప్పటి కప్పుకుని నక్కాడట. "మీ జట్టు అటుంది బాబూ" అంటే, "తెలుసు, అటెళితే మళ్ళీ ఆడిస్తారు" అన్నాడట. నిజమో కట్టుకథో గానీ, నేనైనా ఆ దుప్పటిలోనే దూరేవాణ్ణి. చివరికి 222–0.

పాయింట్ల లెక్కతో జట్లను తూచే పత్రికలవాళ్ళకు బుద్ధి చెప్పడానికే ఇదంతా అని ఆయన సమర్థన. తాగుడు చెడ్డదని నిరూపించడానికి పీపా ఖాళీ చేసినట్టు.

1936లో ఆయన పోయాక, అంతకు ముందు ఏడాదే పుట్టిన ట్రోఫీకి ఆయన పేరు పెట్టారు. 2005లో దాన్ని గెలిచిన రెజ్జీ బుష్ అనే ఆటగాడు, తన కుటుంబం ఏజెంట్ల దగ్గర సాయం పుచ్చుకుందని తేలడంతో 2010లో వదులుకోవాల్సి వచ్చింది. కోచ్‌లు లక్షల డాలర్లు తీసుకోవచ్చు, కాలేజీలు టీవీ డబ్బు మూటగట్టుకోవచ్చు, ఒళ్ళు విరగ్గొట్టుకునే కుర్రాడి ఇంట్లో మాత్రం పైసా కనపడకూడదు! 2021 నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరును ప్రకటనలకు వాడనిచ్చి దర్జాగా సంపాదిస్తున్నారు. అయినా బుష్‌కు ఆ ట్రోఫీ తిరిగివ్వడానికి ట్రోఫీ పెద్దలకు 2024 దాకా మనసు రాలేదు. సిగ్గుండాలి.

ఇదంతా ఓపిగ్గా వినిపిస్తే మావాడు, "ఏదేమైనా 222 రికార్డే కదా బావా" అన్నాడు.

వాడు చదివింది ఆ టెక్‌లోనే లెండి.