అడవి కావాలా? కేసు వేయండి

మొక్కలు నాటితే అడవి వస్తుందనేది మన ప్రభుత్వాలకున్న పాత మూఢనమ్మకం. గుంత ముందురోజే తవ్వి ఉంటుంది. మంత్రిగారు వస్తారు, మొక్కకు చెయ్యి ఆనిస్తారు, ఫొటో దిగుతారు. మర్నాడు మేక వస్తుంది. వచ్చే ఏడాది అదే గుంత, కొత్త మొక్క, బహుశా కొత్త మంత్రి. 2015లో తెలంగాణలో మొదలైన మొక్కలు నాటే పథకం హరితహారానికి 230 కోట్ల మొక్కలు లక్ష్యంగా పెట్టుకున్నారు. ఆ మేకల అదృష్టం ఏం చెప్పమంటారు!

ఇప్పుడు కంచ గచ్చిబౌలి సర్వే నంబర్ 25కి రండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న ఆ 400 ఎకరాల్లో ఎవరూ గుంత తవ్వలేదు, నీళ్లు పోయలేదు, ట్రీగార్డు మీద దాత పేరు రాయించలేదు. అక్కడ వేసింది ఒక్కటే, కేసు. అడవి దానంతటదే వచ్చింది.

వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని రాష్ట్రమంతా అమలు చేయాలన్నది నా ప్రతిపాదన. 1974లో యూనివర్సిటీ పెట్టినప్పుడు దానికి చూపించిన భూమి దాదాపు 2,300 ఎకరాలు. అప్పట్లో గచ్చిబౌలి అంటే బండరాళ్లు, తుప్పలు. ఆ బండల మీద ఎవరికీ ప్రేమ లేదు. పక్కన ఐటీ కంపెనీలు లేచాక అందరికీ ఒకేసారి ప్రేమ పుట్టింది. 2003-04లో ఒక ప్రభుత్వం ఆ 400 ఎకరాలను క్రీడా అకాడమీల కోసమని ఐఎంజీ భారత అనే సంస్థకు రాసిచ్చింది. 2006లో ఇంకో ప్రభుత్వం రద్దు చేసింది. సంస్థ కోర్టుకెళ్లింది. వృక్షశాస్త్రంలో చెప్పని అసలు ఘట్టం ఇక్కడే మొదలైంది.

వాయిదా పడింది, రేగు మొలిచింది. ఇంకో వాయిదా పడింది, మోదుగ పూసింది. ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండైంది, పార్టీలు మారాయి, కేసు మాత్రం కదల్లేదు. ఏ ఫారెస్టు గార్డూ కాయలేనంత భద్రంగా పెండింగ్ కేసు ఆ నేలను కాసింది. చుక్కల జింకలు వచ్చాయి, నెమళ్లు, ముళ్లపందులు, నక్షత్ర తాబేళ్లు వచ్చాయి. యూనివర్సిటీ ఆవరణలో లెక్కకొచ్చిన పక్షి జాతులే రెండు వందలు దాటాయి.

చివరికి 2024లో ఘోరం జరిగింది. తీర్పొచ్చింది. మార్చిలో హైకోర్టు, మేలో సుప్రీంకోర్టు భూమి ప్రభుత్వానిదేనని తేల్చాయి. యూనివర్సిటీ మాకూ హక్కుందంటోంది గానీ, కాగితం లేని హక్కు సంగతి మనకు తెలిసిందే. జింకల దగ్గర అదీ లేదు.

2025 మార్చిలో ముఖ్యమంత్రి శాసనసభలో అక్కడ జింకలూ లేవు, పులులూ లేవు, అడ్డుపడే గుంటనక్కలు మాత్రం ఉన్నాయని సెలవిచ్చారు. ఇన్నేళ్లుగా యూనివర్సిటీ పక్కనే ఉంటున్నా ఒక్క జింకకూ చదువబ్బలేదు కాబట్టి, మర్నాటి పేపర్ చూసుకోక ఎప్పటిలాగే తిరిగాయి.

మార్చి 30, ఉగాది. మర్నాడు రంజాన్. కోర్టులకు సెలవు. ఆ సెలవుల్లో చెట్లు కొట్టి నేల చదును చేసేందుకు ప్రభుత్వం తరఫున జేసీబీలు దిగాయి, రాత్రిళ్లు కూడా లైట్లు వేసుకుని మరీ పనిచేశాయి. అడ్డుపడ్డ విద్యార్థుల్ని పోలీసులు వ్యాన్లెక్కించారు. కుల ధ్రువీకరణ పత్రం కోసం మండలాఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగినవాళ్లు పండగపూట కూడా ఇంత చురుగ్గా సాగుతున్న ప్రభుత్వ పని చూసి కళ్లు తుడుచుకుని ఉంటారు.

నక్షత్ర తాబేలుకు ప్రమాదం వస్తే ఒకటే తెలుసు. తలా కాళ్లూ లోపలికి లాక్కుని, పసుపు గీతల డొప్ప కింద రాయిలా ఉండిపోవడం. నక్క కాసేపు దొర్లించి చూసి విసుగొచ్చి పోతుంది. జేసీబీ విసుగు చెందదు. ఫైలు మీద ప్రశ్న పడగానే మన అధికారులు చేసేదీ అదే పని, కాకపోతే వాళ్ల డొప్ప గట్టిది.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. అప్పటికే వంద ఎకరాల దాకా చదునైపోయింది. చెట్లు మళ్లీ పెంచకపోతే అక్కడే చెరువు పక్కన తాత్కాలిక జైలు కట్టించి అధికారుల్ని అందులో ఉంచాల్సి వస్తుందని కూడా హెచ్చరించింది. ఇరవయ్యేళ్లుగా ఆ స్థలంలో కడతామన్న కట్టడాలన్నిట్లో జనానికి నచ్చింది ఇదొక్కటే.

ఇంతలో సోషల్ మీడియాలో ఏఐ బొమ్మల మీద విచారణ మొదలైంది. యూనివర్సిటీలోని పుట్టగొడుగు ఆకారపు బండ ముందు జేసీబీలు, జింకలు ఉన్న బొమ్మను షేర్ చేసినందుకు ఒక ఐఏఎస్ అధికారిణికి పోలీసు నోటీసు వెళ్లింది. బొమ్మలో జింకలు నకిలీవట. నేల మీద జేసీబీలు మాత్రం అసలువే.

ఇక ప్రభుత్వ వాదన. రికార్డుల్లో అది అడవి కాదు, కేసుల వల్ల ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి చెట్లు పెరిగాయంతే అన్నారు. రికార్డులో ఏమున్నా, యజమాని ఎవరైనా, అడవిలా ఉన్నది అడవేనని సుప్రీంకోర్టు 1996లోనే గోదావర్మన్ కేసులో చెప్పింది. రెవెన్యూ రికార్డు చూసుకుని మొలిచే అలవాటు మొక్కలకు ఎలాగూ లేదు. అది అలా ఉంచండి. వాదనలో రెండో సగం చూడండి. కేసు వల్ల చెట్లు పెరిగాయని సాక్షాత్తూ ప్రభుత్వమే ఒప్పుకుంది! ఇంతకన్నా శాస్త్రీయ ఆధారం ఏం కావాలి?

కాబట్టి నర్సరీల బడ్జెట్ మొత్తం వకీళ్లకు మళ్లించాలి. ప్రతి యూనివర్సిటీలో మిగిలిన ఖాళీ జాగా మీద తక్షణం ఒక దావా పడాలి. కౌంటర్‌కు నాలుగు వారాల గడువిస్తే సగం వానాకాలం గడిచిపోతుంది. ఫైలు కనపడలేదంటే ఇంకో వానాకాలం. వకీలుకు జ్వరమొస్తే వేపచెట్టుకు ఆయుష్షు. షరతు ఒక్కటే, పొరపాటున కూడా ఎవరూ గెలవకూడదు.

2025లో కంచ గచ్చిబౌలి మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కింది కాబట్టి అక్కడి జీవాలు కాస్త ఊపిరి పీల్చుకున్నాయి. వాటి తరఫున ధర్మాసనానికి ఒక్క విన్నపం. అయ్యా, వాయిదా వేయండి.