ఇంగువ కట్టిన ఇంగ్లీషు

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక స్పోకెన్ ఇంగ్లీషు కేంద్రం వారు ‘వియ్ ఆర్ హేవింగ్ ఎక్స్‌పీరియన్స్‌డ్ ఫ్యాకల్టీ’ అని మేడ పొడవునా బ్యానరు వేలాడదీశారు. వారి అధ్యాపకులు ప్రస్తుతం ఉంటూ ఉన్నారని, ఆ ఉండడం ఎప్పటికి పూర్తవుతుందో ఇంకా తేలలేదని దాని భావం. పులిహోరకు కమ్మదనమిచ్చిందని ఇంగువను పాయసంలోనూ వేసినట్లు, కనిపించిన ప్రతి క్రియకూ ‘ఇంగ్’ తగిలించడం వారి విధానం.

మా మేనకోడలిని చేర్పించడానికి వెళ్లి, వెనక బల్ల మీద కూర్చుని ఒక పాఠం విన్నాను. మేష్టారు దేన్నైనా చేసి చూపిస్తారు. ‘ఐ యామ్ వాకింగ్’ అంటూ గోడ నుంచి గోడకు నడిచారు. ‘ఐ యామ్ డ్రింకింగ్’ అంటూ సీసాలో సగం నీళ్లు తాగి, తక్కిన సగాన్ని రెండో బ్యాచి కోసం అట్టిపెట్టారు. పిమ్మట ‘ఐ యామ్ నోయింగ్’ అన్నారు. తెలియడాన్ని చేసి చూపడమెలాగో తోచక, కణతకు వేలు ఆనించి, కళ్లు మూసుకుని, నిమిషం పాటు తెలుస్తూ నిలబడ్డారు. చేసే పనిని కాక ఉండే స్థితిని చెప్పే క్రియకు ‘ఇంగ్’ ఎందుకు అతకదో అంతకన్నా గొప్పగా ఎవరూ నిరూపించలేరు. పాపం, ఆ నిరూపణ ఆయనకే అందలేదు.

పొదలకూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయిని లేపి, ఇంటి సంగతులు చెప్పమన్నారు. ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’ అంది. అన్నలు ఇప్పుడు ఉన్నారు కాబట్టి ‘హేవింగ్’ అనాలన్నారు. ‘ఐ యామ్ గోయింగ్ టు కావలి టుమారో’ అంది. రేపటికి ‘ఇంగ్’ పనికిరాదని, తెలుగులో ఆలోచిస్తే బతుకు ఇంతేనని పిల్లలందరినీ నవ్వించి, గంట కొట్టేదాకా ఆమెను నిలబెట్టారు.

అయ్యా, ఆ పిల్ల తెలుగులో ఆలోచించబట్టే రెండూ సరిగ్గా చెప్పింది! ‘ఇద్దరన్నలుండారు’ అనే వారెవరూ ‘అన్నలు ఉంటా ఉండారు’ అనరు. ‘రేపు కావలికి పోతుండాను’ అని నెల్లూరంతా అంటుంది. ముందే ఖాయమైన ప్రయాణానికి ఇంగ్లీషువాడూ అలాగే అంటాడు. తెలుగు మనల్ని నిజంగా తప్పుదారి పట్టించేది ‘పదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను’ దగ్గర. అక్కడ ‘ఐ యామ్ లివింగ్’ చాలదు, ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్’ కావాలి. ఆ ఒక్కటీ నేర్పవలసిన మనిషి, అది పరీక్షల్లో రాదని దాటవేశాడు. తిక్కన పదిహేను పర్వాలు తెనిగించిన ఊరిలో, తెలుగులో ఆలోచించినందుకు ఒక ఆడపిల్లను నిలబెట్టడానికి వీడికి నోరెలా వచ్చింది? పైగా దానికి ఫీజు!

మేనకోడలి చెయ్యి పట్టుకుని నేను లేచేటప్పటికి ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. పాస్ట్ కంటిన్యువస్‌కు ఆ పూట ఆ గదిలో కనిపించిన తప్పులేని ఉదాహరణ అదొక్కటే.