పోవుట అను క్రియ: ఒక గంభీర పరిశీలన

పోవడం విషయంలో ఇంగ్లీషువాడికి మహా పట్టింపు. లీవ్, డిపార్ట్, క్విట్, వెకేట్ అంటూ క్రియల గుంపే పెట్టుకున్నాడు. హన్మకొండ నక్కలగుట్ట కోచింగుల్లో పిల్లలు వీటిని బట్టీ పట్టలేక ఒకటే టెన్షన్. మరి తేడా వస్తే కొంపలు మునుగుతాయి. ‘లీవ్ వరంగల్’ అంటే ఊరు విడిచిపోవడం. మధ్యలో ‘ఫర్’ దూరిందంటే ఆ ఊరికే బయలుదేరి రావడం. ‘లీవ్ ది హౌస్’ అనడానికి పాల ప్యాకెట్ కోసం గడప దాటినా చాలు. ‘లీవ్ హోమ్’కు మాత్రం అమ్మానాన్నల్ని వదిలి వేరే బతకబోవడమనే అర్థం కూడా ఉంది.

‘డిపార్ట్’ రైళ్లకు నప్పుతుంది. అలాగని కాజీపేటలో మామగారిని రైలెక్కించి ‘డిపార్టెడ్’ అని స్టేటస్ పెట్టకండి. ఆయన జమ్మికుంట చేరేలోపే మీ ఇంటికి దండలు వస్తాయి. 1942 ఉద్యమానికి ‘క్విట్ ఇండియా’ అని పేరు పెట్టారు కాబట్టి బతికిపోయాం. ‘లీవ్’ అని ఉంటే దొరలు క్యాజువల్ లీవ్ అనుకుని సోమవారానికల్లా దిగేవారు.

ఇన్ని క్రియలున్నా, పోతున్నానన్నవాడు నిజంగా కదులుతాడనే నమ్మకం మీదే అన్నీ నడుస్తాయి. పాపం, ఆ భాష మా వైపు చుట్టరికాలు చూడలేదు. ‘ఇగ పోయొస్తం వదినా’ అన్న మాట సోఫాలో పుడుతుంది. తర్వాత చాయ్. గేటు దగ్గర పిల్ల సంబంధం ముచ్చట. బండి స్టార్ట్ చేశాక పొలం గట్టు పంచాయితీ, అదీ మొదటినుంచి. అవతల హైదరాబాద్‌లో ఎదురుచూసే బావ ఫోన్ చేస్తే ‘జనగామ దాటినం’ అని జవాబు. వెనక వదిన కుక్కర్ మూడో విజిల్.

అన్నిటికన్నా చిక్కు పార్టీ మారిన నాయకుడితో. ‘వెకేట్’ అందామంటే కుర్చీ ఖాళీ చేయడు. ‘క్విట్’ అందామంటే రాజీనామా ఇవ్వడు. ఇది ఊహించే కాబోలు, 1985లో రాజ్యాంగంలో పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, రాసినవాళ్లు పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా ‘వదులుకోవడం’ అన్నారు. రాజీనామా లేకున్నా నడవడికను బట్టి వదులుకున్నట్టే తేల్చవచ్చని సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. నడవడిక గురించి అడిగితే, మెడలో ఉన్నది కండువా కాదని, చలికి కప్పుకున్న శాలువా అని మా నాయకుడి వాదన. మే నెలలో.