నీళ్ళంటే పక్షి అని వినపడింది

హైదరాబాద్ నుంచి వచ్చిన బాబాయ్‌ని మొన్న ఆదివారం డబ్లిన్‌లో ఫీనిక్స్ పార్కుకి తీసుకెళ్ళడం నాదే తప్పు. దారిలోనే మొదలుపెట్టాడు. "కిల్కెన్నీ, కిల్డేర్... ఇన్ని హత్యలేమిట్రా ఈ దేశంలో?" ఐరిష్‌లో 'కిల్' అంటే చర్చి బాబాయ్, కిల్డేర్ అంటే ఓక్ చెట్టు దగ్గరి చర్చి అన్నాను. "అలాగా" అన్నాడు, నమ్మనప్పుడు అనే అలాగా.

పార్కులో ఒక రాతి స్తంభం, దాని మీద మంటల్లోంచి లేస్తున్న ఫీనిక్స్ పక్షి. "చూశావా, ఆ పక్షి ఇక్కడే పుట్టిందన్నమాట!"

పక్షీ లేదు, గుడ్డూ లేదు. అక్కడున్నది తేటనీరు. ఐరిష్‌లో 'ఫ్యున్ ఇష్కా', ఇష్కా అంటే నీళ్ళు. ఇంగ్లీషు దొరలకు అది ఫీనిక్స్ అని వినపడింది. చెవిటివాడి ముందు శంఖమూదితే ఏం కొరుకుతున్నావు అన్నాడట. మనవాడు అక్కడితో ఆగాడు. ఐర్లండ్‌ని ఏలడానికొచ్చిన ఇంగ్లీషు దొర చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు ఆగలేదు, 1747లో ఆ కొరుకుడికి స్తంభం ఎత్తించాడు. నీళ్ళను నిప్పు చేశాడు మహానుభావుడు. చెవుడుకి ఇంత ఖరీదైన స్మారకం ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, టికెట్ నేను కొంటాను. అదే 'ఇష్కా'లోంచి వచ్చిన విస్కీ దగ్గర మాత్రం దొరల చెవులు శుభ్రంగా పనిచేశాయి.

ఒక్క పార్కయితే నవ్వి ఊరుకోవచ్చు. 1824లో బ్రిటిష్ ప్రభుత్వం మొదలుపెట్టిన సర్వే ఐర్లండ్ దేశమంతా కొలిచింది, మ్యాపు మీద మైలుకి ఆరు అంగుళాల లెక్కన. జాన్ ఓడొనోవన్ అనే పండితుడు ఊరూరా తిరిగి, ముసలివాళ్ళని అడిగి, అసలు పేర్లు ఓపిగ్గా రాసుకున్నాడు. అవి నోటుబుక్కుల్లో ఉండిపోయాయి. మ్యాపులకెక్కింది ఇంగ్లీషు స్పెల్లింగే. ఓక్ తోపు, కొండ, వాగు రేవు, అన్నీ అర్థం ఊడిపోయిన శబ్దాలయ్యాయి. ఎవడబ్బ సొమ్మని? తాత పెట్టిన పేరుకి అర్థమేమిటో మనవడు ఇంకొకణ్ణి అడగాల్సొస్తే దాన్ని సర్వే అనరు, దోపిడీ అంటారు. ఇవాళ్టికీ రోడ్డు బోర్డు మీద ఐరిష్ పేరు వాలిన అక్షరాల్లో, ఇంగ్లీషు పేరు నిటారుగా పెద్దక్షరాల్లో. సొంతింట్లో ఎవరు వంగి నిలబడ్డారో కారులోంచే కనిపిస్తుంది.

ఇదంతా చెప్తే బాబాయ్ వినలేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక్క అక్షరం తప్పు పడిందని ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి! పక్షి పడేలా సెల్ఫీ తీసుకుంటున్నాడు. ఇంతలో వాన. ఫోను జేబులో దాచుకుంటూ విసుక్కున్నాడు:

"ఛ, ఎక్కడ చూసినా నీళ్ళే!"