రోడ్డు పగలకపోతే చాలా? కింద ఏముందో చూడొద్దా?

రోడ్డును పగలగొట్టకుండా దాని కిందుగా గ్యాస్ పైపులు, నీటి పైపులు, కేబుళ్లు వేయడం మన నగరాల్లో మామూలైపోయింది. రోడ్డు కటింగ్ గుంతలతో వానాకాలమంతా అవస్థపడే జనానికి ఇది పెద్ద ఊరట. రైలు పట్టాలు, కాలువలు, జాతీయ రహదారులు దాటించాల్సిన చోట ఇంతకంటే మెరుగైన మార్గం కూడా లేదు. కానీ పైన తారు చెక్కుచెదరలేదు కనుక కింద పని సవ్యంగా జరిగిందనుకోవడం ప్రమాదకరం.

1971లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మార్టిన్ చెరింగ్టన్ అనే కాంట్రాక్టరు పహారో నది కిందుగా గ్యాస్ పైపు దాటించడంతో, నేల కిందుగా అడ్డంగా దారి మళ్లిస్తూ డ్రిల్ చేసే ఈ హెచ్‌డీడీ (హారిజాంటల్ డైరెక్షనల్ డ్రిల్లింగ్) పద్ధతికి నాంది పడింది. ముందుగా సన్నటి రంధ్రం వేసి, రీమర్ అనే వెడల్పు చేసే పనిముట్టుతో దాన్ని పెద్దది చేసి, ఆ దారిలో పైపును వెనక్కి లాగుతారు. రంధ్రం కూలిపోకుండా బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన ద్రవాన్ని పంపుతుంటారు. డ్రిల్ తలలోని ట్రాన్స్‌మీటర్ ఇచ్చే సంకేతాన్ని రోడ్డుపై నడిచే మనిషి లొకేటర్ అనే చేతి పరికరంతో పట్టుకుని లోతు, దిశ చెబుతుంటే, ఆపరేటర్ దాన్ని బట్టి దారి మళ్లిస్తాడు. అసలు చిక్కు ఇక్కడే ఉంది: డ్రిల్ ఎక్కడుందో లొకేటర్ చెబుతుంది గాని, దాని ఎదుట ఏముందో చెప్పదు.

1976 ఆగస్టులో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలోని కెనోషాలో జరిగిన ప్రమాదాన్ని మన మున్సిపల్ ఇంజినీర్లు తప్పక తెలుసుకోవాలి. తవ్వకుండా వేసిన ప్లాస్టిక్ గ్యాస్ పైపు ఒక ఇంటి మురుగు గొట్టాన్ని చీల్చుకుంటూ పోయింది. అప్పట్లో ఎవరూ గుర్తించలేదు. తర్వాత మురుగు అడ్డుపడి, శుభ్రం చేసే పరికరాన్ని లోపలికి దింపినప్పుడు అది గ్యాస్ పైపును కోసేసింది. పేలుడులో ఇద్దరు చనిపోయారు. పైపు వేసిన రోజు ఏ ఫిర్యాదూ రాకపోవడమే ఈ తరహా తప్పులోని భయంకరమైన అంశం.

మన పరిస్థితి ఇంతకంటే నిశ్చింతగా ఏమీ లేదు. పాత బస్తీల్లోని స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) డ్రైనేజీ పైపులు లోహాన్ని వెతికే పరికరాలకు అందవు. హైదరాబాద్ నేలలోని గ్రానైట్ గుండ్లు డ్రిల్‌ను అనుకున్న దారి నుంచి తప్పించగలవు. సమన్వయం లేని తవ్వకాల వల్ల దేశానికి ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టమని కేంద్రమే చెప్పి, 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. ఆ యాప్ తవ్వబోయేవారిని కేబుళ్లు, పైపుల యజమానులతో కలుపుతుంది. ఇది మంచి అడుగే. అయితే ఆ యజమాని దగ్గరి మ్యాపే తప్పయితే యాప్ ఏం చేయగలదు?

అందుకే అనుమతి పత్రంలోనే షరతులు ఉండాలి. పాత లైను అడ్డొచ్చే ప్రతిచోటా చిన్న గుంత తవ్వి దాని లోతును కళ్లారా చూడాలి. పని ముగిశాక దారిలోని డ్రైనేజీ పైపుల్లోకి కెమెరా పంపి పరీక్షించాలి. పైపు నిజంగా పోయిన దారిని, లోతును అక్షాంశ రేఖాంశాలతో సహా అప్పగించే వరకు కాంట్రాక్టరుకు తుది బిల్లు చెల్లించకూడదు. ఈ ఖర్చు టెండరు అంచనాలోనే చేర్చాలి, లేకుంటే తక్కువ కోట్ చేసినవాడు మొదట ఎగ్గొట్టేది ఈ పరీక్షలనే. ఆ వివరాలు ఆఫీసు ఫైళ్లలో ఆగిపోకుండా, మ్యాన్‌హోల్ దగ్గర అడ్డంకులు తీసే సిబ్బందికి పని మొదలుపెట్టకముందే అందాలి. పొరపాటు జరిగితే ముందుగా ప్రాణాపాయంలో పడేది వాళ్లే.